రేణు కూర్చోలేదు

"పిల్లలచేత గిన్నెలు కడిగించడానికి కూడా ఒక స్కూలా!" అన్నాడు శ్యామ్‌సుందర్, కంచం ముందు కూర్చుంటూ. సింకు ఏ పక్కనుందో తెలియని మనిషి మరి! ప్రమోద అన్నం వడ్డించి, నెయ్యి వేసి, మంచినీళ్లు ఆయన చేతికందేలా పెట్టి, అలవాటుగా ఆ కుర్చీ వెనక నిలబడింది. నాలుగేళ్ల రేణు తల్లి చీర కుచ్చిళ్లు పట్టుకుని పక్కనే నిలబడింది. అమెరికాలోని ఈ నోవై ఊరికి వచ్చి ఆరేళ్లయింది. డైనింగ్ టేబుల్‌కి నాలుగు కుర్చీలున్నాయి. ఆమె వాటిని రోజూ తుడుస్తుంది.

స్కూలు సంగతి లైబ్రరీలో తెలిసింది. పబ్లిక్ స్కూల్లోనే, పిల్లలకి తమ పనులు తామే చేసుకోవడం నేర్పే మాంటిసోరి క్లాసు, ఫీజు లేదు. సీట్లకి తీసిన లాటరీలో రేణు పేరు వచ్చింది కూడా. శుక్రవారంలోగా సంతకం పెట్టి ఇవ్వకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. చిక్కల్లా ఒకటే, పొద్దునపూట మూడు గంటలసేపే క్లాసు, చిన్నపిల్లలకి బస్సు లేదు. "ఎవరు డ్రాప్ చేస్తారు? నాకు ఆఫీసుంది. నీకా డ్రైవింగ్ రాదు" అన్నాడు. రాదు, నిజమే. నేర్పమని ఎన్నిసార్లు అడిగింది! "నేనుండగా నీకెందుకోయ్" అని నవ్వేవాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది. "అయినా ఎమ్మెస్సీ చదివి ఊరికే కూర్చున్నావుగా, ఇంట్లో నువ్వే చదువు చెప్పుకో" అన్నాడు మళ్లీ. ఊరికే కూర్చోవడమట! ఈ ఇంట్లో తను కూర్చున్నదెప్పుడు?

సంతకానికి ముందు తల్లిదండ్రులు ఒకసారి క్లాసు చూడాలని అక్కడి రూలు. బతిమాలగా బతిమాలగా గురువారం ఒక గంట పర్మిషన్ పెట్టి తీసుకెళ్లాడు. గోడవారన కూర్చోవాలి, మాట్లాడకూడదు, సాయం చేయకూడదు. రేణు కోటు గుండీలతో తంటాలు పడుతుంటే ప్రమోద చేతులు వాటంతటవే లేచాయి. టీచర్ మిస్ కార్సన్ వద్దన్నట్టు నవ్వింది. చాలాసేపు పట్టింది కానీ రేణు తనే విప్పుకుంది, తనే కొక్కేనికి తగిలించింది, అమ్మవైపు చూడనైనా లేదు. ప్రమోదకి గర్వంగానూ ఉంది, ఏడుపూ వచ్చింది.

తర్వాత పిల్లలు స్నాక్‌కి కూర్చున్నారు. రేణు వెళ్లిన బల్ల దగ్గర ముగ్గురు మగపిల్లలు, ఒక ఖాళీ కుర్చీ. రేణు చిన్న జగ్గు ఎత్తి చుక్క ఒలకకుండా ముగ్గురికీ జ్యూస్ పోసింది. ప్లేట్లలో బిస్కెట్లు పెట్టింది. పెట్టి, ఒక పిల్లాడి కుర్చీ వెనక్కి వెళ్లి, చేతులు కట్టుకుని నిలబడింది.

"నువ్వూ కూర్చుని తిను" అంది మిస్ కార్సన్ ఇంగ్లీషులో.

"వాళ్లదింకా అవలేదుగా" అంది రేణు కూడా ఇంగ్లీషులోనే.

ఒకడు తల తిప్పకుండానే ఖాళీ గ్లాసు చాపాడు. రేణు పరుగున వెళ్లి నింపింది.

"చూశావా మన పెంపకం!" అని శ్యామ్‌సుందర్ చెవిలో మురిసిపోయాడు. ప్రమోద కూతుర్నే చూస్తోంది. ఆర్నెల్లుండి వెళ్లిన అత్తగారు, "మొగుడి భోజనం కాకుండా ఎంగిలిపడే ఆడది మా ఇంటా వంటా లేదు" అన్నది తనతోనే కానీ పిల్లతో కాదు. పిల్లకి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. పూటపూటా చూసింది, అంతే. నేర్పింది తనే. నోరు మెదపకుండా, నిలబడి నేర్పింది.

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుంటూ, "సీటొద్దని రేపు ఫోన్ చేసి చెప్పెయ్" అన్నాడు. ప్రమోద ఫారం తీసి, పిల్లని తీసుకొచ్చేదెవరు అన్నచోట తన పేరు రాసి సంతకం పెట్టింది.

"ఎలా వెళ్తావే?"

"నడిచి. మైలున్నరేగా."

"స్నోలోనా? మతి పోయిందా నీకు? ముందు నీళ్లివ్వు."

ప్రమోద ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది. తన కంచంలో అన్నం పెట్టుకుంది, పక్క కంచంలో రేణుకి పెట్టింది. రేణు మాత్రం తండ్రి కుర్చీ వెనకే నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

"అమ్మా, డాడీ నాట్ డన్" అంది మెల్లగా.

"డాడీ కోసం ఆగక్కర్లేదమ్మా. అమ్మ ఆగడం లేదు, చూడు" అని ప్రమోద మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.