పోయిన నలభై నిమిషాలు

జ్యోతి చైతన్యపురిలోని ఫంక్షన్ హాలు మెట్లెక్కేసరికి ఆమె చదరంగం గడియారంలో నలభై నిమిషాలు పోయాయి. 2011లో, తెలంగాణ కోసం జరిగిన ఒక బంద్ రోజు అది. బస్సుల్లేవు. ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో. మీర్‌పేట్ నుంచి నడిచి వచ్చింది. ట్యూషన్లు చెప్పుకునే జ్యోతి ఈ చివరి ఆట గెలిస్తే రాష్ట్ర పోటీలకు వెళ్తుంది.

బోర్డుకు అవతల కోచింగ్ సెంటర్ లెక్చరర్ పట్టాభి కూర్చుని ఉన్నాడు. జ్యోతి కూర్చోకుండా నిర్వాహకుడు గంగాధరరావు దగ్గరికి వెళ్ళింది.

"మొన్న పట్టాభి సారు రైలు లేటైతే గడియారం ఆపిన్రు. నాకెందుకు ఆపలే సార్?"

"రైలు ఆయన ఆపలేదుగా. బంద్ చేసింది మీవాళ్ళే. వెళ్ళి వాళ్ళనే అడగమ్మా."

ఎవరో నవ్వారు. పట్టాభి తలెత్తలేదు.

తెల్లపావులు జ్యోతివి. ఒళ్ళు మండి, రాజు ముందు బంటును తోసి మీద పడాలనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎప్పటిలాగే మంత్రి వైపు బిషప్ ముందున్న బంటును రెండు గళ్ళు జరిపింది. బోర్డు నడుమను అవతలివాళ్ళకు వదిలి పక్కనుంచి నొక్కే ఆట అది. రెండో బిషప్‌ను రాజు పక్కన పెట్టి, ఎదుటి మూలకు ఏటవాలుగా గురిచూసింది.

పట్టాభి నడుమంతా ఆక్రమించి, ఆమె రాజు మీదికి బలగాన్ని పంపాడు. జ్యోతి అటు చూడలేదు. ఎడమవైపు బంట్లను ఒక్కొక్కటే ముందుకు నడిపింది. ఒక బంటు తరిమితే ఆయన గుర్రం తప్పుకుంది. దారి తెరుచుకోగానే ఆమె బిషప్ అవతలి బంటును కొట్టింది. ఆ వైపున చివరి గడికి చేరి మంత్రి కాబోతున్న ఆమె బంటును ఆపేందుకు ఇక ఆయనకు ఏమీ మిగల్లేదు. నలభై ఒకటో ఎత్తుకు పట్టాభి ఓటమి ఒప్పుకున్నాడు.

"బాగా ఆడావమ్మా. ఆ రైలు సంగతి నేనే చెప్పాల్సింది."

"చెప్పాల్సింది సార్. గెలుస్తమనుకొని ఊకున్నరు."

గంగాధరరావు నవ్వుతూ వచ్చాడు. "చూశావా, గడియారం ఆపకపోయినా గెలిచావు."

"గెలిస్తె మీరు చేసింది న్యాయమైతదా? నలభై నిమిషాలు కోసిన్రని ఫలితం కాగితం మీద రాయండి. గప్పుడే సంతకం పెడ్త."

గంగాధరరావు కాగితం మడవబోయాడు. పట్టాభి కాగితం లాక్కుని, రైలు సంగతితో సహా రాసి, సంతకం పెట్టి ఆమె ముందుకు జరిపాడు. చెయ్యి చాచాడు.

జ్యోతి ప్రతి మాటా చదివి సంతకం చేసింది. చాచిన ఆ చేతిని అందుకోలేదు. గెలిచిన సంతోషం కోసం లోపల వెతుక్కుంది. కోపమే దొరికింది.