ఐదు బిళ్ళ బరువు

బావమరిది బండి తోసుకుంటూ బస్టాండుకి వచ్చేసరికి బావ బరువు చూసే మిషన్ వెనక మఠం వేసుకుని కూర్చున్నాడు. మిషన్ తలుపు తీసి ఉంది. పేగులన్నీ బయటికి కనిపిస్తున్నాయి.

బావమరిదిది పాత ఇనుము వ్యాపారం. అక్క కబురు పెడితే వచ్చాడు. ఒకటి, రెండు రూపాయల కాగితాలూ చిన్న చిల్లరా చెల్లకుండా పోయి, వాటి బదులు ఐదు రూపాయల బిళ్ళ వచ్చి నెలయింది. అది ఈ మిషన్‌లో పట్టదు. సాయంత్రం ఆరులోగా పనిచేయకపోతే తీసుకుపొమ్మని స్టాండు మేనేజరు తెగేసి చెప్పాడు. ఇరవై రెండేళ్ళుగా అక్క ఇల్లు నడిచింది దీనిమీదే.

"తాడు తెచ్చాను బావా. కట్టేద్దామా?"

"నీ నడుముకి కట్టుకోరా, ప్యాంటు జారుతోంది."

బావ తలెత్తలేదు. బిళ్ళ వేసే సందుని ఆకురాయితో అరగదీస్తున్నాడు. రెండు రాపిళ్ళు, ఒక ఊదు, బిళ్ళ పెట్టి చూడడం. ఎన్నోసారికో బిళ్ళ లోపలికి జారింది. ఠప్పుమని రెండు టికెట్లు పడ్డాయి.

"కవలలు పుట్టారు బావా!"

"నవ్వు, నవ్వు. కొత్త బిళ్ళ బరువెక్కువ."

లోపల సన్నటి కాడ ఉంది. దాని ఒక కొసన బిళ్ళ పడే గిన్నె, రెండో కొసన బరువు. గిన్నె దిగితే టికెట్టుని వదిలే కొక్కెం లేస్తుంది. ఈ బిళ్ళ దెబ్బకి కొక్కెం ఎగిరిపడి, ఆలస్యంగా దిగుతోంది; ఈలోగా రెండో టికెట్టూ జారిపోతోంది. రెండో కొసకీ బరువు పెంచాలి.

"బండిలో బోలెడు వాషర్లున్నాయి, ఇవ్వనా?"

"ఒకదానికొకటి పోలికుండదు, మీ అన్నదమ్ముల్లాగా. పాత చిల్లరేమైనా ఉందా?"

ఉంది. గడువు దాటాక జనం తెచ్చి పడేస్తే ఇనుము రేటుకి కొన్న డబ్బాడు చిల్లర.

బావ బాగా అరిగినవి ఏరి పక్కన పడేసి, మిగిలినవి ఒకదానిమీద ఒకటి పేర్చాడు. "ఎన్ని జేబులు తిరిగొచ్చాయో! అయినా చూడు, వెంట్రుకవాసి తేడా లేదు. చేసినవాడి చెయ్యి అలాంటిది."

చిల్లులు పొడిచి, తీగకి గుచ్చి, కాడకి వేలాడదీశాడు. నాలుగు వేస్తే మళ్ళీ రెండు టికెట్లు. ఐదు వేస్తే అసలు పడలేదు. ఐదోదాన్ని సగానికి కోశాడు.

బావమరిది నవ్వడం మానేశాడు. రోజంతా త్రాసు పట్టే మనిషే అతనూ. సగం బిళ్ళకి ఇంత విలువిచ్చే చేతిని ఇన్నేళ్ళూ ఎగతాళి చేశానా అనిపించింది.

ఆరు కొడుతుండగా మేనేజరు వచ్చి నిలబడ్డాడు.

"ఎక్కరా," అన్నాడు బావ.

బావమరిది ఎక్కి, తన జేబులోంచే ఐదు బిళ్ళ తీసి వేశాడు. లోపల మెల్లగా టక్కుమంది. టికెట్ పడింది. ముగ్గురూ ఎదురుచూశారు. రెండోది రాలేదు.

"డెబ్బై ఎనిమిదా! ఎక్కువ చూపిస్తోంది బావా."

"నీ త్రాసెక్కు, యాభై చూపిస్తుంది."

మేనేజరు నవ్వాపుకుంటూ చెప్పులు విడిచి, జేబులో ఐదు బిళ్ళ వెతుక్కుంటూ మిషనెక్కాడు.

డబ్బాలో మిగిలిన చిల్లరంతా బావ పనిముట్ల సంచిలో ఒంపేసి, బావమరిది మిషన్ లేకుండానే బండి తిప్పుకున్నాడు. టికెట్ అక్కకి చూపించాలని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తాడు మాత్రం నిజంగానే నడుముకి కట్టుకున్నాడు.