వరహాలమ్మ గుండె వెనక నా కొలువు

నేను ఒక స్టెంటును. సన్నని లోహపు తీగలతో అల్లి, పైన సిలికాన్ పొర తొడిగిన జానెడు గొట్టాన్ని. ఎంత నొక్కి ఇరికించినా, ఒంటి వెచ్చదనం తగలగానే విచ్చుకుని నా ఆకారానికి వచ్చేస్తాను. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి బీరువాలో పడి ఉన్న నన్ను డాక్టర్ షాహిదా వరహాలమ్మ కోసం బయటికి తీసింది. వరహాలమ్మ బస్సు కండక్టరు. ఒళ్లు బరువెక్కి, మోకాళ్లు మొరాయించి, సీట్ల మధ్య నడవడమే గండమయ్యాక జీర్ణాశయాన్ని కోసి చిన్నది చేసే ఆపరేషను చేయించుకుంది. ఇంటికెళ్లాక జ్వరం పట్టుకుంది. లోపల కుట్టిన చోట చిన్న చిల్లి పడి, మింగిన ఉమ్ము సైతం అందులోంచి కారి చీము పడుతోంది.

"మళ్లీ కోస్తారా డాక్టరమ్మా?" అని ఆమె భర్త సన్యాసిరావు బెంగగా అడిగాడు.

"కోయం. చీము పోవడానికి పక్కనుంచి గొట్టం వేశాం. ఇప్పుడు నోటి గుండా ఇంకోటి పంపి చిల్లిని కప్పేస్తాం. అది మానేదాకా కాపలా ఉంటుంది."

ఆ కాపలా నేనే. మత్తులో ఉన్న ఆవిడ గొంతు దాటి, గుండె వెనకగా పొట్టలోకి దిగి విచ్చుకున్నాను. చిల్లి నా వెనక దాగిపోయింది.

మనుషులు చిత్రమైనవాళ్లు. ప్రాణం నిలబెట్టేదాన్నే ముందు తిట్టిపోస్తారు. "గుండెల్లో రోకలి దించినట్టుందమ్మా, తీసీండి" అని ఆవిడ ఏడ్చింది. ఒక ఉదయం వాంతుల ధాటికి నేను పట్టు తప్పి కిందికి జారాను. చిల్లి బయటపడింది, జ్వరం తిరగబెట్టింది. నా గర్వమంతా దిగిపోయింది. షాహిదా ఆవిడకు మళ్లీ మత్తిచ్చి, నన్ను పైకి లాగి, నా అంచును అన్నవాహిక గోడకు క్లిప్పుతో బిగించింది.

తెలివి వచ్చాక వరహాలమ్మ భర్తతో మెల్లగా అంది, "ఇంక తీసీమని అడగను. ఇది జారితే నానే జారిపోతాను గదా. ఉండనీ."

అప్పటినుంచి డోకు వచ్చినప్పుడల్లా మంచం పట్టె గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి అణచుకునేది. నేను నిలిచానంటే అందులో సగం పట్టు ఆవిడదే.

కొన్ని వారాలకు నన్ను బయటికి తీశారు. చిల్లి ఉన్నచోట లేత ఎర్రని కండ పట్టింది. ఆవిడ మత్తులో ఉండగానే గొట్టంతో రంగు మందు పోసి ఎక్స్‌రే తీస్తే ఒక్క చుక్క కూడా పక్కకు పోలేదట.

"ఇదేనేటి?" కడిగి ట్రేలో పెట్టిన నన్ను చూసి వరహాలమ్మ అంది. దణ్ణం పెట్టబోయి, సిగ్గుపడి చేతులు దించుకుంది.

సన్యాసిరావు గ్లాసుతో నీళ్లు అందించాడు.

"బయ్యమేస్తంది" అంది. అయినా ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని నొప్పి కోసం ఎదురుచూసింది. రాలేదు. ఇంకో గుక్క తాగింది. నేను లేని దారిలో నీళ్లు సాఫీగా దిగిపోయాయి.

ఆ గుటక చప్పుడు నేను విన్నాకే నర్సు నన్ను పసుపు చెత్తసంచిలో వేసింది.