రెండోసారి విప్పిన జెర్సీలు

మే నెల మూడో ఆదివారం సాయంత్రం ఐదున్నరకు కాస్తెల్‌బ్రూనో ఊరి ఫుట్‌బాల్ జట్టు సొంత మైదానంలో ఒక గోలు తేడాతో ఓడిపోయి నాలుగో డివిజన్‌కు పడిపోయింది.

ఇలాంటి ఓటమి తరువాత ఆటగాళ్లు నేరుగా లోపలికి పోరు. అభిమానులుండే ఉత్తరం గ్యాలరీ కిందికి వెళ్లి నిలబడతారు. జెర్సీలు ఇచ్చెయ్యమని పైనుంచి అడిగితే విప్పి ఇవ్వాలి. వాటిని వేసుకునే అర్హత మీకు లేదని దాని అర్థం. ఆ రోజు అడిగారు. కెప్టెన్ ఎజీదియో తార్సి ముందుగా విప్పి, కంచె మీదుగా దుయీలియో చేతికి ఇచ్చాడు. దుయీలియో మాంసం కొట్టు నడుపుతాడు. గ్యాలరీ పెద్ద అతనే. జెర్సీ తీసుకుని, రెండో చెయ్యి ఎజీదియో మెడ మీద వేసి కొంతసేపు అలాగే ఉంచాడు. మిగతావాళ్లు వరసగా ఇచ్చారు.

ఇది కెమెరాలో పడలేదు. రెండు కెమెరాలూ ఆ సమయంలో యజమానుల ముఖాల మీద ఉన్నాయి.

యజమానులు ఇద్దరు: ఒత్తావియా బ్రాందిమార్తె, ఆమె తమ్ముడు ఫుల్వియో. టైల్స్ ఫ్యాక్టరీతోపాటు క్లబ్బు కూడా తండ్రి నుంచి వచ్చింది. ఆగస్టులో మిలాన్ నుంచి ఒక డాక్యుమెంటరీ సినిమా బృందం వచ్చి, సీజన్ మొత్తం తీస్తామంది. సినిమా చూసి క్లబ్బు కొనడానికి ఎవరైనా వస్తారన్న ఆశతో ఫుల్వియో ఒప్పుకున్నాడు. వాళ్లకు ఆఫీసు తాళాలు కూడా ఇచ్చాడు.

డైరెక్టర్ పేరు జినేవ్రా. మర్యాదస్తురాలు. శబ్దం సరిగా రాకపోతే మళ్లీ చెయ్యమని అడిగేది. తలుపు తీసుకుని మళ్లీ లోపలికి రమ్మనేది. సంతకం మళ్లీ పెట్టమనేది. నవంబరులో, ఆ సీజన్‌లో రెండో కోచ్‌ని తీసేసిన రోజు మైకు పనిచెయ్యలేదు. ఆ కోచ్ కోటు విప్పి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు, ఫుల్వియో అతన్ని రెండోసారి ఉద్యోగంలోంచి తీసేశాడు. రెండోసారి ఇద్దరూ బాగా మాట్లాడారని జినేవ్రా అంది. డిసెంబరు వచ్చేసరికి కెమెరా మీది ఎర్ర దీపం వెలిగేదాకా ఫుల్వియో నోరు విప్పడం మానేశాడు.

ఆదివారానికి మూడు రోజుల ముందు ఒత్తావియా ఒక్కతే ఎజీదియో ఇంటికి వెళ్లింది. అతనికి ముప్పై ఆరేళ్లు. తొమ్మిదేళ్ల వయసు నుంచి ఈ క్లబ్బులోనే ఉన్నాడు. జట్టు ఏ డివిజన్‌లో ఉన్నా వచ్చే ఏడు కోచ్‌గా ఉండమని అడిగింది. అతను ఉంటేనే గ్యాలరీ నిండుతుంది, ఊరి కుర్రాళ్లు ఆడతారు. లేకపోతే క్లబ్బు మూసెయ్యాలి. ఎజీదియో ఉంటానన్నాడు. వచ్చే శుక్రవారం ఆఫీసులో ఒప్పందం మీద సంతకం పెట్టుకుందామనుకున్నారు. కెమెరా మాత్రం వద్దన్నాడు.

సోమవారం ఉదయం జినేవ్రా ఆఫీసుకు వచ్చి, జెర్సీలు ఇవ్వడం ఇంకొకసారి చెయ్యగలరా అని అడిగింది. అది లేకపోతే సినిమాకు ముగింపు లేదంది. ఫుల్వియో కాఫీ కలుపుతూ సరేనన్నాడు.

ఒత్తావియా తమ్ముణ్ని నడవాలోకి పిలిచింది. "వద్దురా. అది అడిగేది గ్యాలరీ, ఇచ్చేది ఆటగాళ్లు. మధ్యలో మనమెవరం?"

"తలుపు మళ్లీ తీసినట్టే కదక్కా."

"ఎజీదియో వెళ్లిపోతాడు."

"ఈ వయసులో ఎక్కడికి పోతాడు?" అన్నాడు ఫుల్వియో. చిరాకేమీ లేదు గొంతులో.

దుయీలియోకు ఫోన్ అతనే చేశాడు. బుధవారం గ్యాలరీకి మళ్లీ రమ్మని అడిగాడు. దుయీలియో, "ఏం ప్రెసిడెంటూ, మా ఏడుపు కూడా రెండోసారి ఏడవాలా?" అన్నాడు. వీలైతే, అన్నాడు ఫుల్వియో. ఆ మాట ఆ సాయంత్రమే బార్లన్నిటికీ పాకింది.

ఎజీదియోకు ఒత్తావియా ఫోన్ చెయ్యాల్సి వచ్చింది. ఫుల్వియో చేస్తే అతను తియ్యడు. ఆమె బల్ల దగ్గర కూర్చుంది. సీజనంతా అలవాటైనట్టే ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. ఎదురుగా ఎర్ర దీపం వెలిగింది. విషయం చెప్పింది.

"అడిగేది మీరా, గ్యాలరీవాళ్లా?" అన్నాడు ఎజీదియో.

ఆమె దీపం వంక చూసింది. "ఫుల్వియో అడుగుతున్నాడు."

"మిమ్మల్ని అడుగుతున్నాను ఒత్తావియాగారూ. నన్ను రమ్మంటారా?"

రావద్దని చెప్పాలని ఆమె అనుకుంది. ఈ సంగతి తరువాత ఆమే చెప్పింది. దీపం ముందు ఆ సీజనంతా ఆమె ఎవరికీ కాదని చెప్పలేదు.

"వీలుంటే రా," అంది.

బుధవారం సాయంత్రం ముప్పైమంది దాకా గ్యాలరీకి వచ్చారు. కొందరు బీరు సీసాలతో వచ్చారు. ఏం చేస్తారో చూద్దామని వచ్చామని చెప్పారు. దుయీలియో జెర్సీలను ప్లాస్టిక్ సంచిలో తెచ్చాడు. అతని భార్య వాటిని ఉతికి ఇస్త్రీ చేసింది. బురద లేదని జినేవ్రా అంది. గోల్ దగ్గర నేల తడిపారు. ఆటగాళ్లు జెర్సీలు తొడుక్కుని ఆ తడిలో కూర్చుని లేచారు. ఇద్దరు అప్పటికే ఊరు వదిలి వెళ్లిపోయారు. వాళ్ల జెర్సీలు తోటమాలీ, ఫిజియో వేసుకున్నారు.

ఎజీదియో వచ్చాడు. తన జెర్సీ తీసుకుని తొడుక్కున్నాడు.

గ్యాలరీ అరవాలని జినేవ్రా అడిగింది. అరిచారు. మొదటి వరసలో ఒకతను నవ్వాడు, పక్కవాళ్లు అతన్ని ఆపలేదు. ఆటగాళ్లు నడిచి వచ్చారు. తోటమాలి ముందుకు పోతుంటే, "నువ్వు బాగానే ఆడావురా, నీది ఉంచుకో," అని పైనుంచి ఎవరో అన్నారు. ఎజీదియో జెర్సీ విప్పాడు. దుయీలియో కంచె మీదుగా చెయ్యి చాచాడు.

ఎజీదియో ఆ చేతిని చూశాడు. వెనక్కి తిరిగి మైదానం దాటి గీత పక్కన నిలబడి ఉన్న ఒత్తావియా దగ్గరికి నడిచాడు. జెర్సీ ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది మీకే. ఈసారి అడిగింది మీరు," అన్నాడు.

ఆమె శుక్రవారం గురించి ఏదో అనబోయింది. కెమెరా దగ్గరగా వచ్చింది. ఆమె ఆగిపోయింది.

"ఇప్పుడు చెప్పండి, చెప్పేదేదో," అన్నాడతను. ఆమె ఎర్ర దీపం వంక చూసింది.

జినేవ్రా వచ్చి, చాలా బాగుందనీ, దుయీలియోకు ఇస్తున్నట్టు కూడా ఒకటి తీసుకుంటాననీ అంది. వద్దని ఎజీదియో చెప్పి, చొక్కా వేసుకుని పార్కింగ్ వైపు వెళ్లాడు. మిగతావాళ్లు విప్పిన జెర్సీలను దుయీలియో మనుషులు తీసుకోలేదు. ఆ పదీ తడి నేల మీదే పడి ఉన్నాయి. ఫుల్వియో వాటిని ఏరి సంచిలో వేశాడు. అతను ఏరడం బృందం చిత్రీకరించింది. ఒకసారికే సరిపోయింది.

శుక్రవారం ఒత్తావియా ఆఫీసులో మధ్యాహ్నం దాకా కూర్చుంది. బృందాన్ని లోపలికి రానివ్వలేదు. అలా తలుపు వేసుకోవడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి. ఎజీదియో రాలేదు. ఫోన్ తియ్యలేదు.

శనివారం పది గంటలకు పక్క ఊరి క్లబ్బు తన పిల్లల జట్టుకు కొత్త కోచ్‌గా ఎజీదియో తార్సి పేరు ప్రకటించింది. కాస్తెల్‌బ్రూనో వచ్చే సీజన్‌కు జట్టును నమోదు చేసుకుంటుందా అని అడిగితే, ఫుట్‌బాల్ సమాఖ్య కార్యాలయం ఇంతవరకు దరఖాస్తు అందలేదని చెప్పింది.