అక్క ఇస్తానన్న కిడ్నీ

చొక్కా మీద చిలకరించిన నీళ్లు ఇస్త్రీపెట్టె కింద చుయ్‌మన్నాయి. లాండ్రీ వెనక గదిలో రోజంతా బట్టలకు నీళ్లు చిలకరించే మనిషికి తాగడానికి మాత్రం చిన్న గ్లాసుడే. డయాలిసిస్ మీద బతికేవాడికి అదే ఎక్కువట. పెదవులు తడుపుకుని కాలర్ తిప్పేశాడు. పనంతా కుడిచేత్తోనే. సూదులు గుచ్చీ గుచ్చీ ఎడమచేతి నరం తాడులా ఉబ్బింది.

అక్క పొద్దున్నే బస్సు దిగింది. వచ్చే వారమే ఆపరేషన్. తమ్ముడికి కిడ్నీ ఇవ్వడం కోసం ఉప్పు మానేసి, నోరు కట్టుకుని బీపీ అదుపులో పెట్టుకుంది. ఇప్పుడు మూల స్టూల్ మీద కూర్చుని, పెళ్లికి వచ్చినదానిలా సంబరపడుతోంది.

"నా కిడ్నీ పెట్టాక నాలాగే అందరి మీదా నోరేసుకు పడిపోతావేమోరా. మీ ఓనరుకి ముందే చెప్పు."

నవ్వాడు. నిన్న డాక్టరమ్మ చెప్పిన మాట గొంతులోనే ఉండిపోయింది. ఆఖరి స్కాన్‌లో గడ్డ కనపడింది, అదీ ఎప్పుడో పని మానేసిన కిడ్నీలో. క్యాన్సర్. చచ్చిన కిడ్నీ కూడా కుదురుగా ఉండదా అని ఒళ్లు మండిపోయింది అతనికి.

"ఆపరేషన్ లేదక్కా," అన్నాడు పెట్టె పక్కకు జరిపి.

చెప్పాడు. గడ్డ తీసేస్తారు. కానీ కొత్త కిడ్నీ నిలవాలంటే ఒంట్లో నిరోధకశక్తిని అణిచే మందులు వాడాలి. క్యాన్సర్ నలుసంత మిగిలినా ఆ మందులతో చెలరేగుతుంది. అందుకని రెండేళ్లు ఆగాలి. ఆగడమంటే డయాలిసిస్ మీద ఆగడం. అలా ఏళ్లు గడిచేకొద్దీ రెండో కిడ్నీలోనూ గడ్డ లేచే భయం.

"రెండేళ్లకి నాకు అరవై దాటుతాయిరా. అప్పుడు నాది తీసుకుంటారా?"

"అడిగాను. చెప్పలేమన్నారు."

"ఇప్పుడే పెట్టించేసుకో. ఏదైతే అదవుతుంది."

"వాళ్లు చెయ్యరు. చేస్తామన్నా నేనొప్పుకోను. కిడ్నీ పోయి, తమ్ముడూ పోతే నువ్వేం కావాలి?"

ఆమె ఏడవలేదు. అలవాటుగా గ్లాసు నిండా నీళ్లు పోసి అతనికి ఇవ్వబోయి, ఆగి, తనే తాగేసింది. అతను ఇంకో చొక్కా అందుకున్నాడు. చేతులు ఊరికే ఉంటే భయమేసింది.

సాయంత్రం బస్సెక్కించాడు. "ఉప్పు మళ్లీ మొదలెట్టనులే," అంది కిటికీలోంచి, అతని మొహం చూడకుండా. రెండేళ్లూ ఆమె చప్పిడి తింటూనే ఉంటుందని అతనికి తెలుసు. వద్దని చెప్పే ధైర్యం రాలేదు.

మిగిలిన బట్టల కోసం తిరిగొచ్చేసరికి స్టూల్ కింద ఆమె సంచి ఉంది. అందులో ఆపరేషన్ తర్వాత వేసుకోవడానికి తనే కుట్టుకున్న వదులు నైటీ, కుట్లకు ఒరుసుకోకుండా ఎడమ పక్కన గుండీల బదులు మెత్తటి నాడాలు.