పూతన వేషం

కృష్ణాష్టమినాడు మా అమ్మాయి దుర్గాశ్రీ మా నడవలో కూర్చుని అన్న ఒక మాట, రెండు రోజులపాటు నన్ను ముద్ద మింగనివ్వలేదు.

దుర్గ పురిటికి మా ఇంటికి వచ్చింది. కొడుకు మణిదీప్‌కి నాలుగో నెల నడుస్తోంది. ఇంకో పది రోజుల్లో తల్లినీ పిల్లాణ్ణీ పెద్దాపురం అత్తవారింటికి పంపాలి. మాది ద్రాక్షారామం పక్కన చిన్న ఊరు. మావారు జగన్నాథరావుగారికి పొలం, నాకు ఇల్లూ పూజా. పిల్లాడు వచ్చాక ఆ రెండూ వాడి చుట్టూనే తిరుగుతున్నాయి.

పక్కింటి రమ్యశ్రీ బ్యూటీపార్లర్ నడుపుతుంది. ఫోన్లో వీడియోలు తీసి పెట్టడం సరదా. ఊళ్ళో అందరూ చిన్నికృష్ణుడి వేషాలే పెడతారు, మనం పూతనను పెడదాం, నిజం తల్లీ నిజం బిడ్డా అయితే జనం బాగా చూస్తారు అని దుర్గను ఒప్పించింది. పిల్లాడికి పసుపుపచ్చ పంచె కట్టి, తలకు నెమలి ఈక పెట్టారు. దుర్గ నా పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది. మల్లెపూలు నేనే కట్టి జడలో పెట్టాను. ఆ పూట నా కూతురు అంత అందంగా ఉంది. తరువాత రమ్యశ్రీ ఫోన్లో ఏదో నొక్కింది. అంతే, ఆ ముఖానికి కోరలొచ్చాయి, కళ్ళు ఎర్రగా తిరిగాయి.

మా చిన్నప్పుడు పూతనకు కోరలు ఉండేవి కావు. హరికథ చెప్పే దాసుగారు ఆవిడను లక్ష్మీదేవిలా నడిపించుకుని రేపల్లెకు తెచ్చేవారు. రొమ్ముకు విషం పూసుకుని వచ్చినా, పాలంటూ ఇచ్చింది కనుక కృష్ణుడు ఆవిడకు తల్లికిచ్చే గతే ఇచ్చాడనీ, కాల్చినప్పుడు ఒంట్లోంచి అగరు వాసన వచ్చిందనీ చెబుతుంటే మా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకునేది. ఇప్పటి పిల్లలకు టీవీలో కోరలు తెలుసు. ఫోను ఆటల్లో ఆవిడను బాణాలతో కొడితే పాయింట్లు వస్తాయని తెలుసు. ఆ చివరి మాట ఎవరూ వాళ్ళకు చెప్పినట్టు లేదు. నేనైనా చెప్పానా అంటే, లేదు.

దుర్గ పిల్లాణ్ణి గుండెకు హత్తుకుని, రమ్యశ్రీ రాసిచ్చిన మాట అంది.

"తాగు నాన్నా, తాగు. ఇవే నీకు ఆఖరి పాలు."

తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, నోట చెడ్డ మాట రానివ్వకూడదని పెరిగినదాన్ని. సొంత బిడ్డను ఒళ్ళో పెట్టుకుని అనాల్సిన మాటా అది? పైకి అంటే, ఉత్తి డైలాగే కదమ్మా అని నవ్వేసింది దుర్గ. సాయంత్రానికి నలభైవేలమంది చూశారట. కొందరు అచ్చం పూతనే అని మెచ్చుకున్నారట. ఆ మెప్పు నాకు దండనలా వినిపించింది.

మర్నాడు పొద్దున్న తలుపులమ్మ వచ్చింది. యానాం వైపు నుంచి చేపలు తెచ్చి అమ్ముతుంది. బాలింతకు పాలు పడతాయని దుర్గకోసం వారానికోసారి సొరచేప తెచ్చేది. ఎప్పుడూ వంటింటి గుమ్మందాకా వచ్చే మనిషి, ఆ రోజు గంప వీధి గేటు దగ్గరే దించింది. మనవరాలి ఫోన్లో వీడియో చూసిందట.

"ఆయ్, ఆ మాట అనకుండా ఉండాల్సిందండి అమ్మగారూ. పూతనంటే కథలో చచ్చిపోయిందండి గానీ, పసిబిడ్డల్ని పట్టే బాలగ్రహం చావలేదు కదండి. పిలిస్తే వచ్చేస్తదండి. ఉయ్యాల కింద రెండు వేపరెమ్మలు పెట్టుకోండి."

చేప ఇచ్చి, లోపలికి తొంగిచూడకుండా వెళ్ళిపోయింది.

వేపరెమ్మలు పెట్టాను. అవి చూస్తుంటే నాకు చాలలేదు. రెమ్మ ఉయ్యాల కింద ఉంటే, పిల్లాడు రోజంతా ఉయ్యాల్లోనే ఉంటాడా? తల్లి ఒళ్ళో కదా ఉండేది. ఆ మాట వచ్చిందీ తల్లి నోట్లోంచే. అందుకని పెరట్లో చెట్టెక్కినంత పని చేసి రెండు చేరల వేపాకు దూశాను. నూరి, నీళ్ళు నల్లగా దిగేదాకా మరగబెట్టి, పాలివ్వడానికి వీలుగా దుర్గ వేసుకునే, ముందువైపు హుక్కులున్న జాకెట్లు నాలుగూ అందులో నానబెట్టాను. జాడించకుండా ఆరేశాను. అమ్మవారి ఆకు, ఒంటిని అంటిపెట్టుకుని ఉంటే ఏ గాలీ దగ్గరికి రాదనుకున్నాను. దుర్గకు చెప్పలేదు. చెబితే నవ్వుతుంది.

ఆ సాయంత్రం స్నానం చేసి దుర్గ వాటిలో ఒకటి వేసుకుంది. బాలింత గదిలో వావిలాకు నీళ్ళు, సాంబ్రాణి, ఉయ్యాల కింద వేపరెమ్మలు. అన్ని వాసనల్లో ఇంకొకటి ఎవరికి తెలుస్తుంది? శ్రావణమాసం ఉక్కకు ఊరికే కూర్చున్నా చెమట కారుతోంది.

దీపం పెట్టి వచ్చేసరికి పిల్లాడు ఏడుస్తున్నాడు. దుర్గ రొమ్ము అందిస్తే ఆత్రంగా నోరు పెట్టాడు. పెట్టీ పెట్టగానే ముఖం చిట్లించి, వెనక్కి విరుచుకుపడి, గుక్కపట్టాడు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే. మూడోసారి తల్లి ముఖం దగ్గరికి వచ్చేసరికే వాడు వణికినట్టు కనిపించాడు.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఏ మాట గుర్తొచ్చిందో ఇద్దరికీ తెలుసు.

తెల్లవారేసరికి పిల్లాడి ఏడుపు సన్నగిల్లింది. చెంచాతో పంచదార నీళ్ళు పోస్తే కొంచెం మింగాడు. ఎప్పుడూ గుడ్డలు మార్చలేక విసుక్కునేదాన్ని, ఆ పొద్దున్న గుడ్డ పొడిగా ఉంటే మావారిని ఆటో పిలవమన్నాను. రామచంద్రపురం పిల్లల డాక్టరుగారు చూసి, జ్వరం లేదు, గొంతు బాగానే ఉంది, పాలు పిండి చెంచాతో పట్టండి, రేపటికీ ఇలాగే ఉంటే కాకినాడ తీసుకెళ్ళండి అన్నారు. దుర్గ పిండనంది. నా పాలు విషమైపోయాయి, నేను వాడికి పెట్టను అని గోడవైపు తిరిగి పడుకుంది. వీడియో తీసేయమని రమ్యశ్రీని బతిమాలింది. రమ్యశ్రీ పాపం వెంటనే తీసేసింది. కానీ అప్పటికే ఎందరి ఫోన్లలోకో వెళ్ళిపోయింది. డబ్బాపాలు పడితే పిల్లాడు కక్కేశాడు.

నేనేం చేశానంటే, మిగిలిన జాకెట్లను ఇంకా చిక్కటి వేపనీళ్ళలో మళ్ళీ ముంచాను. గ్రహం గట్టిదనుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి మా వియ్యపురాలు మాణిక్యాంబగారు కారులో దిగారు. వెనకాలే అల్లుడు గణేష్‌బాబు. వీడియో వాళ్ళ చుట్టాల వాట్సాప్ గ్రూపులోకీ వచ్చిందట. ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. పిల్లాణ్ణి ఎత్తుకుని మాడు మీద చెయ్యి వేసి చూసి, నావైపు తిరిగారు.

"వదినగారూ, తప్పుగా అనుకోకండి. పిల్లాణ్ణి మాతో పంపండి. పదకొండు రోజులు తల్లి నీడ పడకూడదన్నారు మా వీధిలో పెద్దాయన. మా ఊళ్ళో డాక్టరున్నారు, ఏ పాలు పట్టాలో ఆయన చెబుతారు."

గదిలోంచి దుర్గే అంది.

"తీసుకెళ్ళండి అత్తయ్యగారూ. నా దగ్గరుంటే చచ్చిపోతాడు."

నాలుగు నెలల బిడ్డ పదకొండు రోజులు తల్లికి దూరమైతే, ఆ తరువాత పాలుంటాయా? బిడ్డకు తల్లి గుర్తుంటుందా? నా కూతురు తనను తాను రాక్షసిననుకుంటూ ఈ గదిలో ఎలా బతుకుతుంది? బయలుదేరే ముందు ఒక్కసారి తల్లిపాలు పిండి పట్టి చూద్దాం, డాక్టరుగారి మాట కూడా విన్నట్టుంటుంది అని మాణిక్యాంబగారిని బతిమాలాను. దుర్గకు చిన్నప్పుడు పాలు పట్టిన వెండి ఉగ్గుగిన్నె తెచ్చాను. దుర్గ ఏడుస్తూ, నా మీద కోపంతోనే, గిన్నెలోకి పిండింది.

మాణిక్యాంబగారు పిల్లాణ్ణి కాళ్ళ మీద వేసుకుని ఉగ్గుగిన్నె నోటికి పెట్టారు. నేను కళ్ళు మూసుకున్నాను. గుటక వినబడింది. ఇంకో గుటక. కళ్ళు తెరిచేసరికి గిన్నె ఖాళీ, పిల్లాడు ఇంకా కావాలని నాలుక ఆడిస్తున్నాడు.

ఎవరి ముఖంలోనూ సంతోషం రాలేదు.

"పాలల్లో ఏం లేదన్నమాట," అన్నారు మాణిక్యాంబగారు నెమ్మదిగా. "తల్లిని చూసే బెదురుతున్నాడు."

ఆ మాటకు దుర్గ చేసిన శబ్దం నేను మళ్ళీ వినకూడదు. దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. రొమ్ము మీద పాలచుక్క కారుతుంటే వేలితో తుడిచాను. పాలు వృథాగా పారేయకూడదని మా అమ్మ చెప్పేది, అలవాటుగా వేలు నాలుకకు రాసుకున్నాను.

నోరంతా చేదు విషం.

ఆ చేదు నాకు తెలుసు. రెండేళ్ళ దుర్గ చేత పాలు మాన్పించడానికి ఈ వేపాకే నా రొమ్ముకు రాసుకున్నాను. దుర్గ ఒకసారి నోరు పెట్టి, ఇలాగే ముఖం చిట్లించి, వెనక్కి విరుచుకుపడింది. ఊరంతా తెలిసిన పద్ధతి. కాపాడుతుందని పూసినప్పుడు మాత్రం అది చేదనీ, చెమటకు జాకెట్టులోంచి రొమ్ముకు దిగుతుందనీ నాకు తోచలేదు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. జాకెట్టు మార్చి, రొమ్ము కడిగి, దిష్టి తీశాను అందుకే తగ్గింది అనవచ్చు. ఊళ్ళో నాకు పేరు కూడా వస్తుంది. ఆ ఆలోచన వచ్చిందని దాచను. కానీ అలా అంటే దుర్గ బతికినంతకాలం తనకు గ్రహం పట్టిందనే అనుకుంటుంది.

"వదినగారూ," అన్నాను. "వేషం వేసింది మా అమ్మాయే గానీ, విషం పూసింది నేనండి."

అంతా చెప్పాను. నాలుగు జాకెట్లు, రెండుసార్లు ముంచడం, అన్నీ. మాణిక్యాంబగారు దండెం మీదున్న జాకెట్టు కొస నాలుకకు తాకించుకుని, గుమ్మంలోకి వెళ్ళి ఉమ్మేశారు. మావారు తల దించుకున్నారు. గోరువెచ్చని నీళ్ళతో నేనే దుర్గకు కడిగి, మావారి పాత పంచె ముక్కతో తుడిచి, పైట మాత్రం కప్పాను. పిల్లాణ్ణి అందించే ధైర్యం నాకు లేకపోయింది. మాణిక్యాంబగారే అందించారు.

వాడు నోరు పెట్టాడు. ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో నేను మొక్కని దేవుడు లేడు. తరువాత వాడి చిన్న చెయ్యి తల్లి పైటను పట్టుకుని వదల్లేదు.

పిల్లాడు తాగుతుంటే మాణిక్యాంబగారు మా అల్లుడివైపు, అంటే తన కొడుకువైపు చూసి అన్నారు.

"నేనూ వేపాకు రాసుకున్నానండి, వీడి చేత పాలు మాన్పించడానికి. మూడు రోజులు నా మొహం చూళ్ళేదు వెధవ."

గణేష్‌బాబు ముఖం తిప్పుకుని కారు తాళాలు వెతుక్కున్నాడు. పిల్లాణ్ణి తీసుకెళ్ళే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

దుర్గ మాత్రం నాతో మాట్లాడలేదు. దీపం పెట్టి దేవుడి ముందు కూర్చున్నాను. విషం పూసుకుని వచ్చినావిడకు తల్లి గతి ఇచ్చావు, భయంతో పూసినదాన్ని ఏ లెక్కలో వేస్తావు స్వామీ అని అడగాలనిపించింది. అడగడం తప్పేమో తెలియదు. ఆవిడ కూడా ఎవరికో భయపడే వచ్చిందేమో, కంసుడు పంపితేనే కదా వచ్చింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి నేనెప్పుడూ తలచుకోలేదు.

గదిలోంచి దుర్గ పిలిచింది.

"అమ్మా, వీణ్ణి కాస్సేపు ఎత్తుకో. చేతులు కడుక్కుని రా."

పెరట్లోకి వెళ్ళి సబ్బుతో కడుక్కున్నాను. వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కుని వెళ్ళాను.