గుర్రపు దళం కత్తి, బంగారరాజుగారి కేకు

దానం ఇంట్లో మూడు పాత కత్తులున్నాయి. మూడూ ఒకప్పుడు గుర్రపు దళాల్లో వాడినవే. కువైట్‌లో డ్రైవరు పని మానేసి రాజోలు వచ్చేశాక అతనికున్న పిచ్చి అదొక్కటే. ఇక్కడి ఉప్పుగాలికి తుప్పెక్కకుండా వాటిని కుట్టుమిషను నూనెతో తుడుస్తూంటాడు. ఒకసారి కొబ్బరినూనె రాయబోయిందని భార్య పుష్పలత మీద ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

ఆ మూడింటిలోకీ వంకర కత్తంటే ప్రాణం. మండపేట పాత ఇనుము కొట్లో దొరికింది. పిడి దగ్గర ఇనుము మీద చెక్కిన సన్నటి అక్షరాలున్నాయి, అది ఏ దళానిదో చెప్పేవి. అవి ఉంటేనే అది గుర్రమెక్కి తిరిగిన మనిషి కత్తి. లేకపోతే ఉత్త ఇనపముక్క.

ఆదివారం మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి గోడ మీద ఆ కత్తి లేదు.

"మా తమ్ముడు పట్టికెళ్లేడండీ. మనూరి లీడరు బంగారరాజుగారి పుట్టినరోజంట. కేకు కోసి ఇచ్చేత్తానన్నాడు," అంది పుష్పలత.

దానం చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే బండి తీశాడు.

సెంటర్లో షామియానా, ఫ్లెక్సీలు. బల్ల మీద బంగారరాజు ఫొటో వేసిన కేకు. పక్కనే బావమరిది దీపక్. వాడి చేతిలో కత్తి కొత్త స్టీలు కంచంలా మెరిసిపోతోంది.

"నల్లబడిపోయింది గదండీ బావగారూ, గ్రైండింగు పెట్టించేను. అద్దంలా లేదూ!"

దానం కత్తి లాక్కుని పిడి దగ్గర బొటనవేలితో తడిమాడు. నున్నగా తగిలింది.

"ఇక్కడ అక్షరాలేయిరా?"

"ఆ గీతలాండీ? ముందవే తీయించేనండి. ఫొటోలో బాగోదని."

దానం దీపక్ మీదికి ఒకడుగు వేశాడు. బంగారరాజు దగ్గరికొచ్చి భుజం తట్టాడు.

"కోపాలెందుకండీ? ఇంతకంటే పెద్ద కత్తి కొనిపెడతాను."

"గుర్రం కూడా కొనెయ్యండి సార్, ఊరేగుతారు!" అన్నాడెవడో. అందరూ నవ్వారు.

"ఆయ్, కొనండి. నూరేళ్ల కిందటి కొత్త కత్తి ఏ కొట్లో దొరుకుద్దో చూసి మరీ కొనండి!"

అంటూనే దానం కత్తెత్తి ఒక్క వేటు వేశాడు. కేకు మీద బంగారరాజు మీసం రెండు ముక్కలైంది. నవ్వులాగిపోయాయి. పిడికెడు కేకు తీసి దీపక్ నోట్లో కుక్కాడు.

"తినరా. అక్షరాలు తినేసేవు గదా, ఇదీ తిను. మళ్లీ నా గుమ్మం తొక్కేవో, చూస్కో!"

ఇంటికొచ్చి, క్రీము అంటిన కత్తిని అరుగు మీద పడేశాడు. పుష్పలత భయపడుతూ మిషను నూనె సీసా తెచ్చింది.

"అదెందుకే ఇంక?" అని కసిరాడు. "కొబ్బరినూనె రాసుకో."